తాళము వేసిన ఇండ్లు

“ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు” అని మన పెద్దలు చెప్పుచుండెడివారు. ఈ రెండును కష్టమైన పనులే యైనను గృహస్థునకు అసాధ్యములు కావనియే వారి భావము. కొంచెము కొంచెముగా కూడబెట్టి, బంధువుల సాయము పొంది, పొలము పని లేని వేసవిలో గోడలు లేపి, మఱుసటి యేడు కప్పు వేసికొని, ఎట్లో యొకట్లు సామాన్యుడు తన యూరిలో తన గూడు కట్టుకొనెడివాడు. నేడు మా ప్రాంతమున ఆ సామెతలోని రెండు పనులును ఒకదానికొకటి అడ్డు తగులుచున్నవి. ఇల్లు లేనివానికి పిల్లనిచ్చువారు లేరు. ఇల్లు కట్టుదమన్న స్థలము కొన శక్యము కాదు. పట్టణమునకు పోక ఊరిలోనే ఉండి సంపాదింతమన్న తగిన పని లేదు. ఇట్లనుటచేత మాది పాడుపడిన ప్రాంతమని చదువరులు తలపవలదు. అచ్చట దినదినమును క్రొత్త యిండ్లు లేచుచునే యున్నవి. వానిలో ఎక్కువభాగము వారమున కైదు దినములు తాళము వేసియుండును.

నేను చెప్పుచున్నది నంది కొండల చుట్టునున్న పల్లెలను గూర్చి. బెంగుళూరునకు ఉత్తరమున సుమారు 60 కిలోమీటర్ల దూరమున, సముద్రమట్టమునకు 1,478 మీటర్ల యెత్తున నందిదుర్గమున్నది. దాని పాదమున భోగనందీశ్వరుని ఆలయము కలదు. అచ్చటినుండి చిక్కబళ్లాపురము, శిడ్లఘట్ట, చింతామణి, బాగేపల్లి వఱకు ఏ పల్లెకు పోయినను తెలుగు మాట వినబడును. 2007 వఱకు ఇదంతయు కోలారు జిల్లాలోనిది. ఆ యేట చిక్కబళ్లాపురము వేఱు జిల్లా యైనది. బడిలో కన్నడము, ఇంటిలో తెలుగు, సంతలో రెండును, ఇదియే మా వాడుక. కైవార తాతయ్య తన తత్త్వములను తెలుగునను కన్నడమునను చెప్పెను. భారతరత్న మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు పుట్టిన ముద్దేనహళ్లి మా కొండల నీడలోనిదే. మేము ఈ నేలకు చుట్టములము కాము; తరతరములుగా ఇచ్చటి మట్టిలో కలిసినవారము.

ఈ కొండల వరుసలలోనే ఉత్తర పినాకిని పుట్టి, నెల్లూరి సీమను పండించి సముద్రమున కలియును. చిత్రావతి ఇచ్చటనే పుట్టి పుట్టపర్తి మీదుగా పోవును. పాలారును దక్షిణ పినాకినియు తమిళ సీమకు తరలిపోవును. ఇన్ని నదులకు పుట్టినిల్లైన మా సీమకు మాత్రము ఏడాది పొడవున పాఱు నది యొకటియు లేదు. కూతుండ్ర నందఱ నత్తవారిండ్లకు పంపి తానొంటిగా మిగిలిన తల్లివంటిది మా సీమ. అందుచేతనే మా పూర్వులు వాననీటిని నమ్మి, ఒక చెఱువు నిండినచో మఱియొక చెఱువునకు నీరు పోవునట్లు గొలుసుకట్టుగా చెఱువులు త్రవ్విరి. ఆ చెఱువులు పూడిపోయిన పిదప బోరుబావులు వచ్చినవి. అవియు వేయి అడుగులు దాటిపోయినవి. ఇటీవల బెంగుళూరు మురుగునీటిని శుద్ధిచేసి మా చెఱువులకు పంపుచున్నారు. నీటి సంగతి ఇంతగా చెప్పుటకు కారణమున్నది. నీరు లేని సేద్యము అప్పుల పాలగును. అప్పుల పాలైన రైతు భూమి నమ్మును. మా కథకు మొదలు ఇదియే.

నందికొండ చల్లదనమును కోరి వచ్చినవారు పూర్వమును ఉండిరి. టిప్పు సుల్తాను వేసవి విడిది ఆ కొండపై నేటికిని చూడవచ్చును. 1791లో దుర్గము ఆంగ్లేయుల వశమైనది. తరువాత మైసూరు కమీషనరు మార్కు కబ్బన్ అచ్చట బంగళా కట్టించుకొనెను. ఐనను రాజులును దొరలును కొండపైననే యుండిరి. క్రిందనున్న పల్లె పొలముల జోలికి వారి విడుదులు రాలేదు. మా చిన్నతనమున కొండకు వచ్చు విహారయాత్రికులు తెల్లవాఱుజామున వచ్చి, మంచును చూచి, జామపండ్లు కొనుక్కొని, సాయంకాలమునకు మఱలిపోయెడివారు. వారివలన మాకు లాభమే కాని నష్టము లేకుండెను.

మార్పు వచ్చినది 2008 మే నెలలో, దేవనహళ్లికడ క్రొత్త విమానాశ్రయము తెఱచిన పిదప. రహదారి వెడల్పైనది. బెంగుళూరినుండి ఒక గంటలో కొండ క్రిందికి రావచ్చునని తెలిసినంతనే శనివారము రాత్రికొఱకును ఆదివారము మధ్యాహ్నముకొఱకును ఇల్లు కట్టుకొను కోరిక పట్టణవాసులలో పుట్టినది. ద్రాక్షతోటల నడుమ ఫారంహౌసులు, మల్బరీ చేల ప్రక్కన విల్లాల లేఅవుట్లు, కొండ కనబడు ప్రతి మిట్టపైనను రిసార్టులు వెలసినవి. చట్టమును దారి యిచ్చినది. 1974లో సవరింపబడిన కర్ణాటక భూసంస్కరణల చట్టము ప్రకారము వ్యవసాయదారుడు కానివాడును, ఇతర ఆదాయము ఒక పరిమితిని మించినవాడును సేద్యపు భూమిని కొనరాదు. ఆ పరిమితి 2015లో 2 లక్షల రూపాయలనుండి 25 లక్షలకు పెరిగినది. 2020లో ఆ నిషేధమునే తొలగించిరి.

ఈ మార్పును నేను కేవలము నిందింపను. నిషేధమున్న దినములలోను దొంగదారులు లేకపోలేదు. వాని లాభము దళారులకు పోయెను గాని రైతునకు రాలేదు. తన భూమికి తగిన వెల వచ్చినప్పుడు రైతు సంతోషించుట తప్పుకాదు. మా యూరిలో అమ్మినవారిని ఒక్కొక్కరిని నేనెఱుగుదును. ఒకరికి బోరు ఎండినది, ఒకరికి ఆసుపత్రి ఖర్చు, మఱియొకరికి ముగ్గురాడపిల్లల పెండ్లిండ్లు. ఎవరును విలాసమునకై యమ్మలేదు. కాని ఒక్కొక్కరికి న్యాయమైన పని ఊరందఱికి ఏమైనదో చూడవలసియున్నది.

మా అన్నగారి కుమారుని సంగతి చెప్పెదను. అతనికి ఇరువదియాఱేండ్లు. డిప్లొమా చదివి, విమానాశ్రయమున సామానుల విభాగమున పనిచేయుచున్నాడు. నెలకు పదునెనిమిది వేల రూపాయల జీతము. పెండ్లి సంబంధములు వచ్చుచున్నవి, వచ్చినవారందఱును ముందుగా నడుగుచున్నది, “ఇల్లేది?” అనియే. మా తాతగారి పాత యిల్లు నలుగురు అన్నదమ్ములకు పంచగా ఒక్కొక్కరికి ఒక గది మాత్రమే వచ్చినది. ఊరి వెలుపల ముప్పదికి నలుబది అడుగుల సైటు నొకదాని నడుగగా ఇరువది నాలుగు లక్షలని చెప్పిరి. అతడు నెలకు అయిదువేలు మిగిల్చినచో ఆ సొమ్ము కూడుటకు నాలుగువందల యెనుబది నెలలు, అనగా నలుబదియేండ్లు పట్టును. అప్పటికి అతని కఱువదియాఱేండ్లు! అదియు ఇల్లు కాదు, వట్టి నేల. ఆ సైటున్న చోట మా చిన్నతనమున రాగి పండెడిది.

బ్యాంకు అప్పు తీసికొనవచ్చును గదా యని కొందఱనిరి. పదునెనిమిది వేల జీతమునకు బ్యాంకువారిచ్చు అప్పు ఆ స్థలపు వెలలో సగమునకైనను చాలదు. ఆ స్థలమునకు వెల కట్టుచున్నవారు బెంగుళూరులో లక్షలు సంపాదించు ఉద్యోగులు. కొనవలసినవాడు పల్లెలో వేలు సంపాదించువాడు. ఒకే సంతలో ఈ యిద్దఱును బేరమునకు నిలిచినప్పుడు ఎవడు గెలుచునో చెప్పనక్కఱలేదు. కొనువాడు దుర్మార్గుడు కాడు. అమ్మువాడు మోసగాడు కాడు. ఐనను ఊరిలో పుట్టినవానికి ఊరిలో చోటు లేకపోయినది.

ఇంత కట్టడము జరుగుచున్నప్పుడు పనులైనను పెరిగియుండవలె గదా యని అడుగవచ్చును. కట్టునప్పుడు పనులుండును, వానిలో చాలభాగము దూరదేశములనుండి మేస్త్రీలు తీసికొని వచ్చిన కూలీలు చేయుదురు. కట్టిన పిదప మిగులునవి మూడే పనులు: గేటు కాచుట, తోటకు నీరు పెట్టుట, ఇల్లు తుడుచుట. నా దగ్గఱ ఏడవ తరగతి చదివిన శిష్యుడొకడు అట్టి విల్లాలో కావలివాడుగా నున్నాడు. ఒకనాడు దారిలో కనబడగా, “పని ఎట్లున్నదిరా?” అని అడిగితిని. “ఏం పని మేష్ట్రూ! పొద్దున గేటు తుడుస్తాను, సాయంత్రం దీపం వేస్తాను. లోపల మనుషులుంటే గదా పనుండేది?” అనెను. అతడు వేసారి పలికిన ఆ మాటలో ఆర్థికశాస్త్రమంతయు ఉన్నదని నాకు తోచినది. మనుషులు లేని యిల్లు పాలు కొనదు. చాకలిని పిలువదు. కిరాణా కొట్టులో ఖాతా పెట్టదు. బడికి పిల్లను పంపదు. వందయిండ్లు లేచినను, ఆ యిండ్లలో కాపురములు లేనప్పుడు ఊరి కొట్టునకు బేరము పెరుగదు.

పోయిన పనులు ఎట్టివో కూడ తెలిసికొనవలెను. మా సీమ పట్టునకు ప్రసిద్ధము. శిడ్లఘట్ట గూళ్ల మార్కెట్టు దేశమంతట పేరుపొందినది. ఎకరము మల్బరీ యున్న యింట ఆకు కోయుట, పురుగులకు పూట పూటకు మేత వేయుట, చంద్రికలకెక్కించుట, గూళ్లు విప్పుట, ఈ పనులన్నియు ఇంటిల్లిపాదికి పంచిపెట్టినను ఇంకను మిగులుచుండెడివి. పురుగు పొదిగినది మొదలు గూడు కట్టువఱకు ఇంచుమించు నెల దినములు. ఏటికి అయిదాఱు పంటలు. చిన్న రైతునకు నెల జీతమువలె చేతికి డబ్బు వచ్చు సేద్యము ఇదియే. ఐతే పట్టుపురుగు మిక్కిలి సుకుమారమైన ప్రాణి. ప్రక్క లేఅవుటులో దోమలకనియు, పచ్చిక తెవుళ్లకనియు కొట్టిన మందు ఆకుపై పడినచో ఆ పంట పోయినట్లే. చేను చుట్టును విల్లాలు వచ్చిన రైతు రెండు పంటలు పోగొట్టుకొని, మూడవసారి చేనునే అమ్ముచున్నాడు. ఆ విధముగా ఒక చేను అమ్ముడు పోయినచో దాని ప్రక్క చేనుకు ఆయువు తీఱుచున్నది.

ప్రభుత్వము భూమిని తీసికొనినప్పుడు రైతులు కలిసి నిలువగలరు. దేవనహళ్లి తాలూకా చన్నరాయపట్టణ హోబళిలో పారిశ్రామిక వాడకై 1,777 ఎకరములను సేకరింపబూనగా, ఆ గ్రామములవారు 2022 మొదలుకొని మూడేండ్లకు పైగా ధర్నా చేసిరి. 2025 జులైలో ప్రభుత్వము ఆ సేకరణను విరమించినది. కాని ఎకరము ఎకరముగా, సైటు సైటుగా, ఇష్టపూర్వకముగా జాఱిపోవు భూమికై ధర్నా చేయువారు లేరు. ఎవరిపై చేయవలెనో కూడ తెలియదు.

ఈ సంచికను చదువు సోదరులు తమిళనాట, ఒడిశాలో, మహారాష్ట్రమున నున్నారు. మీ మీ చోట్ల సంగతి నాకంటె మీకే బాగుగ తెలియును. నీలగిరులు, ఏర్కాడు, లోణావళా, ఈ చోట్లన్నియు విడిదియిండ్లకు పేరుపడినవే. గోపాలపురము, పూరీ తీరములలో చేపల వేటకు పోవు మన తెలుగు జాలరులను ఒడియావారు ‘నోలియా’ లందురు. సముద్రము కనబడు చోట ఇల్లు కావలెనని పట్టణవాసి కోరుకొనును; వలలు ఆరవేయుటకును పడవ నిలుపుటకును అదే చోటు జాలరికి కావలెను. కొండకడ రైతునకైనను తీరమున జాలరికైనను చిక్కు ఒక్కటియే. తన బ్రతుకుతెరువునకు ఆధారమైన చోటు ఇతరుల కంటికి ఇంపైన చోటగుటయే అతని దురదృష్టము.

దీనికి విరుగుడు వెదకినవారు లేకపోలేదు. హిమాచల ప్రదేశమున 1972నాటి చట్టము 118వ విభాగము ప్రకారము వ్యవసాయదారుడు కానివాడు ప్రభుత్వపు అనుమతి లేక భూమి కొనరాదు. స్విట్జర్లాండు ప్రజలు 2012లో ఓటువేసి, ఏ గ్రామమునందైనను విడిది యిండ్లు మొత్తములో నూటికి 20 మించరాదని నిర్ణయించిరి. ఇంగ్లాండులోని సెయింట్ ఐవ్స్ అను తీరపు పట్టణమువారు 2016లో, క్రొత్తగా కట్టు ఇండ్లలో అచ్చటనే కాపురముండువారు మాత్రమే ఉండవలెనని తీర్మానించుకొనిరి. ఫలితములు మాత్రము మిశ్రమములు. స్విట్జర్లాండు కొండ గ్రామములలో స్థానికుల యిండ్ల వెలలకు పగ్గము పడినను, కట్టడపు పనులు తగ్గి నిరుద్యోగము పెరిగినదని పరిశీలించిన అర్థశాస్త్రజ్ఞులు చెప్పిరి. సెయింట్ ఐవ్స్‌లో ధనికుల చూపు క్రొత్త యిండ్లనుండి పాత యిండ్లవైపు మఱలినదనిరి. ఇంటి సమస్యను ఒక చేత పట్టి, పని సమస్యను వదలినచో ప్రయోజనము లేదని దీనివలన తెలియుచున్నది. రెండింటిని కలిపియే చూడవలెను.

మన సంఘములలో ఈ ప్రస్తావన వచ్చినప్పుడు కొందఱు ఆవేశముతో, “పైవారిని రానీయకూడదు” అందురు. ఆ మాట మన నోట రాదగినది కాదు. మనమెవరము? ఒకప్పుడు ఎచ్చటినుండియో బండ్లు కట్టుకొని వచ్చి, పరభాషల నడుమ కాపురములు పెట్టినవారి సంతతివారము. మనవారిని ఈ నేల రానిచ్చినది, అన్నము పెట్టినది. కావున వచ్చువాడు పైవాడా లోపలివాడా యని అడుగుట మనకు చెల్లదు. అడుగవలసిన ప్రశ్న వేఱు. వచ్చినవాడు కాపురముండుటకు వచ్చెనా, లేక తాళము వేయుటకు వచ్చెనా? మన పూర్వులు వచ్చినచోట చెఱువు త్రవ్విరి, గుడి కట్టిరి, ఇరుగుపొరుగువారి పెండ్లికి పందిరి వేసిరి, వారి భాష నేర్చిరి. అట్లు వచ్చువాడు ఏ భాషవాడైనను నేడును మా యూరికి సొత్తే. విల్లా కట్టుకొని, ఇచ్చటనే యుండి, పిల్లలను ఊరి బడికి పంపి, గ్రామసభకు వచ్చు వైద్యదంపతులు మా కడ ఒకరున్నారు. వారిని ఎవరును పైవారనుట నేను వినలేదు.

ఈ విషయమున మన కున్న ప్రత్యేకమైన నష్టము నొకదానిని చెప్పవలెను. మా పల్లెలలో తెలుగును కాపాడినది బడి కాదు, ప్రభుత్వము కాదు. ఒక గోడ కానుకొని ఇంకొక గోడగా నిలిచిన ఇండ్లు. అవ్వ అరుగుపై కూర్చుండి మనుమని కేకవేయుట, ప్రక్కింటి అత్త బదులు పలుకుట, ఇదియే మా భాషకు పాఠశాల. ఇల్లు దొరకని యువకుడు పెండ్లియై బెంగుళూరు పొలిమేరలో ఒక గది అద్దెకు తీసికొనినచో, వాని బిడ్డకు అరుగును లేదు, అవ్వయు లేదు. ఆ బిడ్డ కన్నడము నేర్చుకొనును, ఇంగ్లీషు నేర్చుకొనును, అవి నేర్వవలసినవే. తెలుగు మాత్రము ఫోనులో అవ్వతో మాటాడు రెండు వాక్యములకు కుదించుకొనిపోవును. తెలుగు బడుల కొఱకు మనము విన్నపములు వ్రాయుచుందుము, మంచిదే. బడికి పంపవలసిన బిడ్డ ఊరిలో పుట్టుటకు ముందుగా వాని తల్లిదండ్రులకు ఇల్లుండవలెను గదా!

చేయదగినవి కొన్ని మన చేతిలోనే యున్నవి. మొదటిది, పొలము నమ్మక తప్పనివాడు ఊరి నానుకొనిన స్థలమునైనను మిగుల్చుకొని, దానిని ఊరి యువకులకే చిన్న చిన్న సైట్లుగా ఇచ్చుట. రెండవది, అమ్ముటకు బదులు కొన్నియేండ్ల గుత్తకిచ్చుట. భూమి మఱల మనుమలకు దక్కును. మూడవది, గ్రామసభకు పోయి, మిగిలియున్న ప్రభుత్వ స్థలములను ఇల్లు లేని కుటుంబములకు సైట్లుగా ఏర్పఱుపుమని అడుగుట. మా యూరిలో గ్రామసభకు ఇరువదిమంది వచ్చిన గొప్ప; పెండ్లికి వేయిమంది వత్తురు. నాలుగవది, విల్లాల యజమానులతో కలహింపక మాటాడుట. ఏడాదిలో మూడువందల దినములు ఖాళీగా నుండు ఇంటి వెనుక భాగమును ఊరి బడి పంతులునకో, నర్సునకో తక్కువ యద్దెకిచ్చినచో ఇల్లును బాగుండును, ఊరును బాగుండును. కూరలు, పాలు, పూలు ఊరిలోనే కొనుడని అడుగుటయు యాచన కాదు. తాళము వేసిన యింటికి ఎక్కువ పన్ను వేయుట పంచాయతీ ఒక్కదానివలన కాదు. దానికి శాసనసభ పూనుకొనవలెను. ఆ మాటను మన ప్రతినిధులకు చెప్పవలసినవారము మనమే.

ఇక సంఘములవారికి నా మనవి. మనము ఏటేట ఉగాదికి విద్యార్థులకు బహుమతు లిచ్చుచున్నాము. ఆ పిల్లలు చదివి పట్టణములకు పోవుచున్నారు, పోనిండు. ఊరిలోనే యుండి పట్టుపురుగులు పెంచుదమనియో, యంత్రముల మరమ్మతు చేయుదమనియో అనుకొను యువకునికి మన నిధులలో ఒక భాగము వడ్డీలేని అప్పుగా ఇచ్చి, సైటునకు మొదటి సొమ్ము కట్టుకొనుటకు తోడ్పడరాదా? ఒక సంఘము ఏటికి ఒక యింటికి తోడ్పడినను, పదియేండ్లకు పది కాపురములు నిలుచును. పది కాపురములనగా ఒక వీధి.

ఈ సంచిక మీ చేతికి వచ్చిన పిదప ఒక పని చేయుడు. పండుగకు మీ స్వగ్రామమునకు పోయినప్పుడు కాదు. పండుగనాడు అన్ని యిండ్లును వెలుగుచుండును. ఏదేని బుధవారమునాడు పోయి, చీకటిపడిన పిదప ఊరంతయు ఒకసారి తిరిగి, దీపమున్న యిండ్లెన్నియో లెక్కపెట్టుడు. వానిలో కావలివాని దీపములెన్ని, కాపురముల దీపములెన్ని యని వేఱుచేసి వ్రాసికొని, సంఘపు తరువాతి సమావేశమునకు ఆ కాగితము తెండు. మనమేమి చేయవలెనో అచ్చట కూర్చుండి నిశ్చయించుకొందము.